కింద మామయ్యగారి మంచం, పైన చేపల తొట్టి

అక్టోబరు 6, 2024, ఆదివారం

మా ఐదు గోల్డ్‌ఫిష్‌లకు ఇల్లు చాలడం లేదు. నాలుగేళ్ల క్రితం మా అబ్బాయి తెచ్చినప్పుడు ఒక్కొక్కటి బొటనవేలంత ఉండేది. ఇప్పుడు తోకతో కలిపి దాదాపు జానెడు. మూడడుగుల తొట్టిలో ఒకటి వెనక్కి తిరిగితే రెండోదాని మొప్పకు దాని తోక తగులుతోంది. ఈ జాతి చేప పదేళ్లు దాటి బతుకుతుంది కాబట్టి ఇంకా ఎంతో కాలం మాతో ఉంటాయి. ఇరుకులో పెట్టి చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాదు.

అందుకని ఐదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు తొట్టి కట్టించాలని నిర్ణయించాను. మేం ఉండేది తెనాలిలో, మేడ మీద. మేడ మీది హాల్లో, కిటికీ పక్కన పెడితే ఉదయపు వెలుతురులో చేపలు మెరుస్తూ ఉంటాయని అనుకున్నాను.

సాయంత్రం టేపు పెట్టి హాలు కొలుస్తుంటే కింద మామయ్యగారి దగ్గు వినిపించింది. ఆ హాలు కిందే ముందుగది. ఆ గదిలోనే ఆయన మంచం. టేపు చుట్టేసి పక్కన పెట్టి, కాగితం, పెన్సిలు తీశాను.

బరువు లెక్క కష్టమైనది కాదు. ఘనపుటడుగుకు ఇరవై ఎనిమిది లీటర్ల పైచిలుకు నీళ్లు, లీటరుకు కిలో. పైన రెండంగుళాలు వదిలి, అద్దం మందం తీసేసి, ఇసుక, రాళ్లు ఆక్రమించే చోటు కూడా తీసేస్తే 455 లీటర్లు వచ్చాయి. అద్దం మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకు రెండున్నర కిలోలు తూగుతుంది. పన్నెండు మిల్లీమీటర్ల అద్దం, పైన అడ్డపట్టీలతో కలిపి, 112 కిలోలు. ఇసుక 40, రాళ్లు 25, ఇనుప స్టాండు 55, కిందా మీదా ప్లైవుడ్ పలకలు 22, నీళ్లతో నిండిన ఫిల్టరు 10. మొత్తం 719 కిలోలు. రేపు ఇంకో రాయి వేస్తాం, ఎవరో ఒకరు మోచేయి ఆనించి నిలబడతారు. 750 అని రాసుకున్నాను.

అక్టోబరు 8, మంగళవారం

చేపల దుకాణంలో అడిగితే, శ్లాబు కదమ్మా, ఏమీ కాదు అన్నారు. బడిలో సహోపాధ్యాయురాలు మాత్రం, అంత బరువు మేడ మీదా, వద్దే వద్దు అంది. ఇద్దరిలో ఎవరూ లెక్క చెప్పలేదు. నేను బడిలో భౌతికశాస్త్రం చెబుతాను. లెక్క లేని ధైర్యమూ లెక్క లేని భయమూ రెండూ నాకు తృప్తినివ్వవు.

ఇళ్ల గదులకు చదరపు మీటరుకు ఎంత బరువు పడుతుందని అనుకుని కట్టాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 రెండో భాగం, 1987 నాటిది. నివాస గదులకు 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 200 కిలోలు. మా తొట్టి ఆనేది పది చదరపు అడుగుల మీద, అంటే 0.93 చదరపు మీటర్ల మీద. 750ని దానితో భాగిస్తే చదరపు మీటరుకు 800 కిలోల పైన. నాలుగు రెట్లు. ఇక్కడ ఆగితే కథ అయిపోయినట్టే.

ఇంకో వైపు నుంచి చూస్తే అదే సంఖ్య వేరే మాట చెబుతుంది. హాలు పదిహేను చదరపు మీటర్లకు పైనే ఉంటుంది. దాన్ని 200తో గుణిస్తే మూడు టన్నులు. పెళ్లిచూపుల నాడు హాల్లో పాతికమంది కూర్చుంటే టన్నున్నర దాటుతుంది, అప్పుడు ఎవరూ శ్లాబు గురించి ఆలోచించరు. ఆ లెక్కన ముప్పావు టన్ను తొట్టి చాలా చిన్నది.

రెండు లెక్కలూ సగం సగమే నిజం. మనుషులు గదంతా పరుచుకుంటారు, లేచి వెళ్లిపోతారు. తొట్టి ఒకే చోట పదేళ్లు కదలకుండా ఉంటుంది. కాబట్టి దాని బరువు ఎంత అన్నదానికన్నా, ఆ బరువు ఏ దారిన నేలకు దిగుతుంది అన్నదే చూడాలి. శ్లాబు నుంచి బీముకు, బీము నుంచి స్తంభానికి, స్తంభం నుంచి పునాదికి. ఈ దారి ఎంత దగ్గరైతే అంత మంచిది.

అక్టోబరు 13, ఆదివారం

నిన్న దసరా. ఇవాళ మామయ్యగారికి విషయం చెప్పాను. మీ మంచానికి పైనే కాబట్టి మీకు తెలియకుండా చేయను అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనకుండా, లేచి బీరువాలోంచి అట్ట చిరిగిన నోటు పుస్తకం తెచ్చారు.

"ఇల్లు కట్టినప్పటి లెక్కలమ్మా. నీకు పనికొస్తాయేమో చూడు."

1996లో ఆయన దగ్గరుండి కట్టించారు. ఇంజనీరు గీసిన నక్షా ఏదీ లేదు. తాపీమేస్త్రి చెప్పిందే నక్షా. కానీ ఆయన ప్రతి బస్తా, ప్రతి బండి ఇసుక, ప్రతి కట్ట ఇనుము రాసి పెట్టారు. మొదటి శ్లాబు పోసిన రోజు పేజీలో ‘సిమెంటు 82 బస్తాలు, పాలు 1:2:4’ అని ఉంది. నాకు కావలసింది ఆ ఒక్క వాక్యమే.

ఆ పాళ్లలో, అంటే ఒక వంతు సిమెంటుకు రెండు వంతుల ఇసుక, నాలుగు వంతుల కంకర కలిపితే, ఘనపు మీటరు కాంక్రీటుకు సుమారు 6.3 బస్తాలు పడతాయి. 82 బస్తాలంటే 13 ఘనపు మీటర్లు. బీములకు రెండున్నర తీసేస్తే శ్లాబుకు పదిన్నర మిగులుతుంది. ఇంటి వైశాల్యం 900 చదరపు అడుగులు, అంటే 83.6 చదరపు మీటర్లు. భాగిస్తే మందం 12.5 సెంటీమీటర్లు, దాదాపు ఐదంగుళాలు. నాలుగంగుళాల శ్లాబే పోసి ఉంటే 70 బస్తాలకు మించి పట్టదు. ఇరవై ఎనిమిదేళ్ల క్రితం ఆయన రాసిన ఒక అంకె ఇవాళ నా చేతికి శ్లాబు మందాన్ని అందించింది. ఆయనకు ఆ లెక్క చేసి చూపిస్తే కళ్లజోడు తుడుచుకుని రెండోసారి చూశారు.

తర్వాత ఇద్దరం మెట్ల దగ్గరికి వెళ్లాం. అక్కడ శ్లాబు అంచు బయటికి కనిపిస్తుంది. కాంక్రీటు ఐదంగుళాలు. లెక్క, కొలత కలిశాయి.

అక్టోబరు 20, ఆదివారం

మా వీధి చివర ఉండే విశ్రాంత ఇంజనీరుగారిని పిలిచాం. ప్రభుత్వ భవనాలు కట్టించి రిటైరైన మనిషి. వచ్చీ రాగానే ఆయన మేడ ఎక్కలేదు.

"ముందు కింద చూద్దామమ్మా. కింద ఎవరు పడుకుంటారు?" అన్నారు.

మామయ్యగారి గదిలో బల్ల ఎక్కి, చిన్న ఇనుప కడ్డీతో సీలింగంతా అడుగు అడుగునా తట్టుకుంటూ వెళ్లారు. గట్టి కాంక్రీటు ‘టంగు’ మంటుంది. లోపల ఇనుము తుప్పు పట్టి ఉబ్బి, కాంక్రీటు పొర విడిపోయిన చోట బోలుగా ‘డబ్’ మంటుంది. గదిలో అంతటా టంగుమనే శబ్దమే. పక్కన స్నానాలగది కింది మూలలో మాత్రం రెండు చోట్ల బోలు శబ్దం వచ్చింది. అక్కడ సున్నం కూడా ఉబ్బి ఉంది. ఆ మూలకు ఎంత దూరంగా ఉంటే అంత మంచిదన్నారు. ఆ నీళ్ల కారుడు విడిగా బాగు చేయించుకోవాలి. తొట్టి పెట్టినా పెట్టకపోయినా అది ఆగే పని కాదు.

కిటికీ పైన మూల నుంచి ఏటవాలుగా ఒక పగులు ఉంది. నేను దాన్ని చూసే ఎక్కువ భయపడ్డాను. ఆయన దాన్ని వేలితో తడిమి, ఇది నల్లరేగడి నేల చేసిన పని, శ్లాబుది కాదు అన్నారు. మా ప్రాంతపు మట్టి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుంటుంది. పునాది తేడాగా కదిలితే గోడలు కిటికీల మూలల దగ్గర ఇలా ఏటవాలుగా చీలతాయి. అయినా ఊరికే వదలలేదు. పగులుకు అడ్డంగా సన్నని గాజు ముక్కను రెండు చివర్లా సిమెంటుతో అతికించి, పక్కన తేదీ వేయించారు. పగులు ఇంకా కదులుతుంటే గాజు చిట్లుతుంది.

ఆ తర్వాతే మేడ ఎక్కారు. నేను ఎంచుకున్న కిటికీ చోటు చూడగానే తల అడ్డంగా ఊపారు. ఆ మూడడుగుల భాగం కింది గోడ దాటి ముందుకు పొడుచుకొచ్చిన శ్లాబు. దానికి కింద ఆధారం లేదు. అలాంటి శ్లాబులో ఇనుము పైభాగంలో ఉండాలి, ఎందుకంటే చివర బరువు పడితే లాగుడు పడేది పైనే. పోత పోసే రోజు కూలీలు ఆ చువ్వల మీదే నడుస్తారు. అవి ఒక అంగుళం కిందికి దిగినా శ్లాబు బలం చాలా తగ్గిపోతుంది. ఎంత దిగాయో పోత పోశాక బయటికి కనిపించదు. పైగా అలాంటిది విరిగితే ముందుగా పెద్దగా హెచ్చరించదు.

"ఇక్కడ పూలకుండీలు పెట్టుకోండి. తొట్టి వద్దు" అన్నారు. నాకు ఆ వెలుతురు పోయిందని బాధ కలిగింది. కానీ అది విన్నాక ఆ చోట పెట్టాలన్న కోరిక పూర్తిగా పోయింది.

రెండో చోటు హాలు మధ్య. అది శ్లాబు నడుమ, సరిగ్గా మంచం తల వైపు. అది నేనే వద్దన్నాను.

వెళ్లబోతూ ఆయన మెట్ల దగ్గర ఆగి ఇంకో సంగతి పట్టుకున్నారు. శ్లాబు మీద రెండంగుళాల మొజాయిక్ గచ్చు ఉంది. 2011లో దాన్ని తీయకుండా దాని మీదే టైల్స్ వేయించాం. రెండు సెంటీమీటర్ల సిమెంటు, ఒక సెంటీమీటరు టైలు కలిస్తే చదరపు మీటరుకు 66 కిలోలు. పదమూడేళ్లుగా ప్రతి చదరపు మీటరు మీద ఒక మనిషి కదలకుండా నిలబడి ఉన్నట్టు. ఎంతమంది ఇళ్లలో ఇలా పాత గచ్చు మీద కొత్త టైల్స్ పరిచి, ఆ బరువును ఎవరూ లెక్కలో రాసుకోకుండా వదిలేశారో అని రాత్రంతా ఆలోచించాను.

అక్టోబరు 27, ఆదివారం

మావారు పాత ఫొటోలు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నారు. 2011 పని నాటి ఫొటో ఒకటి తెరమీదికి వచ్చింది. హాల్లో ఇటుకల గుట్ట, దుమ్ము, మధ్యలో మామయ్యగారు తలగుడ్డతో.

అది గోడ! అప్పటిదాకా మేడ మీద హాలుకూ పక్క గదికీ మధ్య నాలుగున్నర అంగుళాల గోడ ఉండేది. బాబు పుట్టాక చోటు చాలక దాన్ని తీయించాం. ఆ గోడ ఎక్కడుండేది? ఫొటో పట్టుకుని హాల్లోకి వెళ్లి స్తంభం నుంచి కొలిచాను. తర్వాత కిందికి పరుగెత్తి మామయ్యగారి గదిలో అదే స్తంభం నుంచి కొలిచాను. గోడ గీత సరిగ్గా బీము మీద పడింది. ఆయన మంచం కాళ్ల వైపు సీలింగుకు అడ్డంగా వెళ్లే తొమ్మిదంగుళాల వెడల్పు బీము, పన్నెండడుగుల పొడవు. ఒకప్పుడు అత్తయ్యగారి ఉయ్యాల బల్ల వేలాడిన రెండు కొక్కేలు ఇప్పటికీ దానికే ఉన్నాయి.

మేస్త్రి ఆ బీమును అక్కడ పోసిందే ఆ గోడను మోయడానికి. పదిహేనేళ్లు మోసింది. పదమూడేళ్లుగా ఆ భుజం ఖాళీగా ఉంది.

నవంబరు 3, ఆదివారం

దీపావళి సెలవుల్లో లెక్క పూర్తిచేసి ఇంజనీరుగారికి చూపించాను. నా లెక్క ఇది.

పదడుగుల ఎత్తు, నాలుగున్నర అంగుళాల మందం ఉన్న ఇటుక గోడ, రెండు వైపులా గచ్చుతో కలిపి, నిడివి అడుగుకు దాదాపు 250 కిలోలు తూగుతుంది. ఇది రాసినప్పుడు నేనే నమ్మలేక మళ్లీ చేశాను. ఇంట్లో రోజూ చేయి ఆనించి నిలబడే సన్నని గోడ, ఐదడుగుల ముక్క, టన్నుంపావు! మనం భయపడే తొట్టి దానిలో ఐదింట మూడు వంతులే.

తీసేసిన గోడ తొమ్మిదడుగులు. మిగతా మూడడుగులు గుమ్మం. అంటే బీము మీద నుంచి దిగిపోయిన బరువు సుమారు 2,250 కిలోలు. కొత్తగా ఎక్కింది టైల్స్. ఆ బీము తన రెండు వైపులా కలిపి 3.1 మీటర్ల వెడల్పు నేలను మోస్తోంది కాబట్టి టైల్స్ బరువు అడుగుకు 62 కిలోలు. తొట్టి ఐదడుగుల మీద 750, అంటే అడుగుకు 150. రెండొందల యాభైలోంచి అరవై రెండు, నూట యాభై తీసేస్తే అడుగుకు 38 కిలోలు మిగులుతున్నాయి.

ఇంజనీరుగారు కాగితం రెండుసార్లు చదివారు. తప్పు లేదమ్మా అన్నారు. తొట్టిని బీము గీతకు అటు అడుగు, ఇటు అడుగు వచ్చేలా నిలబెడితే బీము ఒక పక్కకు మెలితిరగదు, శ్లాబు కూడా బీము దగ్గరే మోస్తుంది కాబట్టి పెద్దగా వంగదు అని చేర్చారు. తర్వాత, "ఈ ముప్ఫై ఎనిమిది నాకు నచ్చలేదు. మీకు నచ్చిందా?" అని అడిగారు.

నచ్చలేదు. కింద ఎవరూ లేని గది అయితే నచ్చేదేమో.

ఇంటికి వచ్చి చేపల ముందు కూర్చుని చాలాసేపు చూశాను. అవి పైకీ కిందికీ ఎక్కువ తిరగవు, ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతాయి. వాటికి కావలసింది పొడవు, వెడల్పు. రెండడుగుల ఎత్తు నా కంటికి కావాలి కానీ వాటికి అక్కర్లేదు. ఎత్తు ఇరవై అంగుళాలకు తగ్గించాను. నీళ్లు 367 లీటర్లు, అద్దం 99 కిలోలు, మొత్తం 618. అడుగుకు 124. మిగులు 64కి పెరిగింది. నాలుగంగుళాలు వదులుకుంటే వంద కిలోలు తగ్గాయి, చేపలకు ఒక్క అంగుళం ఈత కూడా తగ్గలేదు.

తొట్టి హాలు మధ్యలో అడ్డుగోడలా ఉంటుంది కాబట్టి రెండు వైపుల నుంచీ చూడవచ్చని మా అబ్బాయి అన్నాడు. ఆ ఆలోచన నాకు తట్టనే లేదు.

నవంబరు 17, ఆదివారం

స్టాండు వచ్చింది. రెండంగుళాల చదరపు గొట్టం, ఆరు కాళ్లు. కాళ్ల చివర్లు నేరుగా టైల్స్ మీద ఆనితే ఒక్కో కాలి కింద వంద కిలోల బరువు నాలుగు చదరపు అంగుళాల మీద పడుతుంది. టైలు కింద బోలు ఉంటే పగులుతుంది. అందుకని కాళ్లన్నిటినీ కలుపుతూ కింద కూడా గొట్టపు చట్రం వేయించి, దాని కింద పద్దెనిమిది మిల్లీమీటర్ల ప్లైవుడ్, పలుచని రబ్బరు షీటు పరిచాను. టైల్స్‌ను రూపాయి బిళ్లతో తట్టి చూశాను. ఒకటి బోలుగా మోగింది. దాన్ని తీయించి మళ్లీ నింపించాను.

మట్టం సరిచూడటానికి తాపీవాళ్లు వాడే నీళ్ల గొట్టమే తెచ్చాను. ఐదడుగుల పొడవులో మూడు మిల్లీమీటర్ల తేడా ఉంది. సన్నని రేకు ముక్కలతో సరిచేశాం. స్టాండు ఒరిగితే బరువంతా ఒక పక్క అద్దం మీద పడుతుంది.

తొట్టిని ముందు కింద వాకిట్లో నింపి మూడు రోజులు ఉంచాం. ఒక మూల సిలికాన్ దగ్గర చెమట పట్టింది. కట్టినాయనే వచ్చి కోసి మళ్లీ అతికారు. మేడ మీద అయితే ఏమయ్యేదో!

నవంబరు 30, శనివారం

ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం గత ఆదివారం మొదలైంది. లెక్క చెప్పినట్టే బీము నడుచుకుంటుందో లేదో దాన్నే అడగాలి.

మా పెద్దన్నయ్యకు లేత్ షాపు ఉంది. అక్కడి నుంచి డయల్ గేజు తెచ్చాను; దాని ముల్లు ఒక్క గీత కదిలితే మిల్లీమీటరులో నూరో వంతు. అటక మీద ఉన్న ఉయ్యాల కడ్డీ ఒకటి దింపి, బీము నడిమికి దగ్గరగా ఉన్న కొక్కేనికి గట్టిగా బిగించాం. ఐదున్నర అడుగుల కడ్డీ నిటారుగా వేలాడుతుంది. కింద అత్తయ్యగారి పాత కుట్టుమిషన్ ఇనుప స్టాండు మీద గేజు నిలబెట్టి, దాని పిన్నును కడ్డీ చివరకు ఆనించాం. బీము దిగితే కడ్డీ దిగుతుంది, ముల్లు తిరుగుతుంది. మామయ్యగారు మంచం మీద కూర్చునే చదువుకోవచ్చు. చదివే పని ఆయనే తీసుకున్నారు.

ఉదయం ఐదున్నరకు సున్నా చేశాం. మధ్యాహ్నం రెండున్నరకు ఆయన కింది నుంచి గట్టిగా పిలిచారు.

"అమ్మాయ్, పది గీతలు దిగింది! పైన ఏం పెట్టావు?"

పైన ఏమీ పెట్టలేదు. స్టాండు కూడా ఇంకా గోడ పక్కనే ఉంది. నా గుండె ఝల్లుమంది. ఇల్లు దానంతట అదే దిగిపోతోందా?

రాత్రి తొమ్మిదికి రెండు గీతల దగ్గరికి, తెల్లవారేసరికి సున్నాకు వచ్చింది. అప్పుడు అర్థమైంది. ఉదయం గదిలో 24 డిగ్రీలు, మధ్యాహ్నం 30. ఆ పొడవు ఇనుప కడ్డీ డిగ్రీకి 0.02 మిల్లీమీటర్లు సాగుతుంది. ఆరు డిగ్రీలకు పన్నెండు గీతలు. దిగింది బీము కాదు, సాగింది కడ్డీ.

మరి ఉదయాలే డిసెంబరులో చల్లబడితే? కడ్డీ కుంచించుకుంటుంది, నిజమే. కానీ నెమ్మదిగా ఇంటి స్తంభాలూ చల్లబడి అంతే కుంచించుకుంటాయి. ఇనుమూ కాంక్రీటూ వేడికి దాదాపు ఒకే మేరకు సాగుతాయి. ఆ ఒక్క గుణం వల్లే రెండింటినీ కలిపి పోసినా ఒకదాన్నొకటి చీల్చుకోకుండా ఉంటున్నాయి. లేకపోతే ఆర్‌సీసీ అనేదే ఉండేది కాదు. ఏటా తరగతిలో వ్యాకోచం పాఠం చెబుతాను. మామయ్యగారి మంచం పక్కన నిలబడి దాన్ని ఇలా చూస్తానని అనుకోలేదు.

నియమం పెట్టుకున్నాం: రోజూ ఉదయం ఐదున్నరకే చదవాలి, పది నిమిషాల ముందు ఫ్యాను ఆపాలి, ఉష్ణోగ్రత పక్కన రాయాలి. వారం రోజులు ఖాళీ బీమును చదివాం. ఒక గీత అటూ ఇటూ తప్ప ముల్లు సున్నా దగ్గరే నిలిచింది.

డిసెంబరు 1, ఆదివారం

ఉదయం చదివాక స్టాండు, పలకలు, ఖాళీ తొట్టి చోటుకు చేర్చాం. తొట్టిని మేడ ఎక్కించడానికి ఆరుగురు పట్టారు. మొత్తం 176 కిలోలు.

డిసెంబరు 8, ఆదివారం

ఈ వారం నాటి అంకెలు. మంగళవారం తెల్లవారుజామున, 176 కిలోలకు, నాలుగు గీతలు. అది చదివాక ఇసుక, రాళ్లు, వంద లీటర్ల నీళ్లు: మొత్తం 341 కిలోలు, ఎనిమిది గీతలు. గురువారం ఇంకో 130 లీటర్లు: 471 కిలోలు, పదకొండు గీతలు. నిన్న మిగతా నీళ్లు, ఫిల్టరు: 618 కిలోలు. ఇవాళ ఉదయం పద్నాలుగు గీతలు. మా అబ్బాయి ఇరవై లీటర్ల బకెట్టుతో కొలిచి పోశాడు; ప్రతి బకెట్టుకూ గోడ మీద సుద్దతో గీత పెట్టాడు.

అంకెలను గ్రాఫు కాగితం మీద పెడితే నాలుగు చుక్కలూ ఒకే సరళరేఖ మీదికి వచ్చాయి. నాకు కావలసింది ఇదే. బీము లోపల ఏదైనా చీలుతుంటే బరువు పెరిగేకొద్దీ రేఖ పక్కకు వంగేది.

పద్నాలుగు గీతలంటే 0.14 మిల్లీమీటర్లు, రెండు కాగితాల మందానికి కూడా చాలదు. కాంక్రీటు కట్టడాలను బరువు పెట్టి పరీక్షించే పద్ధతి ఐ.ఎస్. 456లో ఉంది. అందులో ఒక హద్దు: నిడివి మీటర్లలో, దాని వర్గాన్ని నలభైతో గుణించి, బీము లోతు మిల్లీమీటర్లలో తీసుకుని భాగించాలి. మా బీము 3.66 మీటర్లు, లోతు 380 మిల్లీమీటర్లు. హద్దు 1.41 మిల్లీమీటర్లు. ఆ పరీక్షలో పెట్టే బరువు మా తొట్టి బరువుకన్నా చాలా ఎక్కువ కాబట్టి నేను పరీక్ష పాసయ్యానని చెప్పుకోను. కానీ హద్దులో పదో వంతు దగ్గర నిలబడి ఉన్నాం.

ఇంజనీరుగారు వచ్చి గ్రాఫు చూసి, కింద బీము రెండు వైపులా టార్చి వేసి వెంట్రుకవాసి పగులు కోసం వెతికారు. లేదు. కిటికీ దగ్గర గాజు ముక్క కూడా చెక్కుచెదరలేదు.

డిసెంబరు 15, ఆదివారం

పాత తొట్టిలోని ఫిల్టరు స్పాంజి కొత్తదానిలోకి మార్చి, వారం నడిపించి, ఇవాళ చేపలను వదిలాం. మొదట ఐదూ ఒక మూలకు చేరి కదల్లేదు. గంట తర్వాత అన్నిటికన్నా పెద్దది బయలుదేరి ఆ చివరిదాకా వెళ్లింది. మధ్యలో ఎక్కడా తిరగాల్సిన పని లేకుండా ఐదడుగులూ ఈదింది. మా అబ్బాయి అటువైపు నుంచి, నేను ఇటువైపు నుంచి చూస్తున్నాం.

కరెంటు పోతే గాలి పంపు నడవడానికి చిన్న బ్యాటరీ పెట్టాను. తొట్టి పగిలితే నీళ్లు ఎటు పోతాయని ఒక బకెట్టు నేల మీద కుమ్మరించి చూశాం. మెట్ల వైపు పారాయి, గదిలో నిలవలేదు.

జనవరి 5, 2025, ఆదివారం

నాలుగు వారాలైంది. ముల్లు పద్నాలుగు నుంచి పదహారుకు వచ్చింది. ఇది ఊహించిందే. బరువు తీయకుండా ఉంచితే కాంక్రీటు నెలల తరబడి మెల్లగా ఇంకొంత దిగుతుంది, తొలి రోజుల్లో ఎక్కువ, రానురాను తక్కువ. గత పది రోజులుగా కదలలేదు.

సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు గేజు అన్నయ్యకు తిరిగి ఇవ్వాలి. ఆ మాట మామయ్యగారికి చెప్పడానికి కిందికి వెళ్లాను. ఆయన ఇంకొన్నాళ్లు ఉంచమని అడగమన్నారు. రాత్రి భయంగా ఉంటోందా అని అడిగాను.

"భయం ఎందుకమ్మా? తెల్లారగానే చూడటం అలవాటైపోయింది."

మంచం మీద అట్ట చిరిగిన ఆ పాత పుస్తకం తెరిచి ఉంది. 82 బస్తాల పేజీకి ఎదురు పేజీ ఇరవై ఎనిమిదేళ్లుగా ఖాళీగానే ఉండిపోయిందట. దాని మీద తేదీలు, డిగ్రీలు, గీతలు అదే చేతిరాతతో వరుసగా ఉన్నాయి. ఆఖరి వరుస ఇవాళ్టిది: ‘5–1–2025. ఉ. 5:30. 21 డిగ్రీలు. 16. ఫ్యాను ఆపి చూశాను.’